జన్యువు అంటే వంశం కాదమ్మా

ప్రశ్న: మాది పొదలకూరు దగ్గర పల్లె. నిమ్మతోటే మాకు ఆధారం. నా భర్తకు 45 ఏళ్లు. పద్నాలుగు నెలల క్రితం ఆయనకు అలసట, రాత్రిళ్లు చెమటలు, ఎడమ డొక్కలో బరువు మొదలయ్యాయి. నెల్లూరులో రక్తపరీక్ష చేయిస్తే తెల్ల కణాలు లక్షా అరవై వేలు ఉన్నాయన్నారు. తర్వాత పెద్ద పరీక్షలో ‘బీసీఆర్-ఏబీఎల్ పాజిటివ్’ అని వచ్చింది. క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా, అంటే ఒక రకం రక్త క్యాన్సరు, అని చెప్పి రోజూ ఇమాటినిబ్ 400 మిల్లీగ్రాముల మాత్ర వేసుకోమన్నారు. డాక్టరు దీన్ని ‘జీన్‌లో వచ్చిన మార్పు’ అన్నారు. ఆ మాట ఊళ్లో పాకింది. మా అమ్మాయికి కావలి నుంచి వచ్చిన సంబంధం వాళ్లు ‘జన్యు జబ్బు ఉన్న ఇల్లు’ అని విన్నప్పటి నుంచి మాట్లాడటం లేదు. మా అత్తగారేమో తమ వంశంలో ఇలాంటిది ఎన్నడూ లేదని, నేను కాపురానికి వచ్చిన తర్వాతే వచ్చిందని అంటున్నారు. అమ్మాయికి, ఇంటర్ చదువుతున్న అబ్బాయికి కూడా ఈ పరీక్ష చేయించాలా? అసలు ఈ ఏబీఎల్ జన్యువు ఏమిటి? ఇంకో మాట. రక్తం లెక్క మామూలుకు వచ్చింది కదా అని, మాత్ర వేసుకుంటే కళ్లు వాస్తున్నాయని ఆయన కాయ కోత రోజుల్లో మాత్ర మానేస్తున్నారు. పోయిన నెల పీసీఆర్ అనే రక్తపరీక్ష కాగితంలో 0.9 శాతం అని ఉంది. అది మంచిదేనా?
— ఒక పాఠకురాలు, నెల్లూరు జిల్లా

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అమ్మాయి పెళ్లి గురించిన దిగులే కనిపించింది. రెండోసారి మాత్రం చివరి మూడు వాక్యాల దగ్గర ఆగిపోయాను. మీ బెంగంతా పిల్లల గురించి. నాకు భయం వేసింది మీ భర్త గురించి. అయినా ముందు మీ ప్రశ్నకే జవాబు చెబుతాను. అది అర్థమైతే, రెండోది నేను బతిమాలకుండానే అర్థమవుతుంది.

పిల్లలకు పరీక్ష అక్కరలేదు. ఈ జబ్బు మీ భర్తకు తాతముత్తాతల నుంచి రాలేదు, ఆయన నుంచి పిల్లలకు పోదు. మీ అత్తగారు తమ వంశంలో ఇలాంటిది లేదన్న మాట నిజమే. కానీ అది మీ వల్ల వచ్చిందన్నది ముమ్మాటికీ అబద్ధం.

‘జన్యువు’ అన్న మాటలోనే ‘జన్మ’ ఉంది. అందుకే జన్యువులో తేడా అనగానే పుట్టుకతో వచ్చింది, వంశంలో పారుతున్నది అనుకుంటాం. అలా పారే జబ్బులు ఉన్న మాట వాస్తవమే. తలసీమియా ఒకటి, హీమోఫిలియా ఒకటి. తల్లి అండంలోనో తండ్రి వీర్యకణంలోనో తేడా ఉంటే, ఆ బిడ్డ ఒంట్లో ప్రతి కణంలోనూ ఆ తేడా ఉంటుంది. మీ భర్త విషయం అది కాదు. ఆయన నిండు మనిషి అయిన తర్వాత, ఎముక మజ్జలోని ఒకే ఒక్క రక్త మూలకణంలో ఒక ప్రమాదం జరిగింది. ఆ ఒక్క కణం, దాని సంతానం మాత్రమే చెడిపోయాయి. ఆయన చర్మంలో, గుండెలో, పిల్లలకు జన్మనిచ్చే వీర్యకణాల్లో అదే జన్యువు ఎప్పటిలాగే చక్కగా ఉంది. ఒకే పిండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి ఈ జబ్బు వచ్చి, రెండోవారి రక్తకణాల్లో ఆ మార్పే లేకపోవడం వైద్యులు ఏనాడో గమనించారు. ఇది వంశంలో పారేదైతే కవలలిద్దరిలోనూ ఉండాలి కదా.

ఇక ఏబీఎల్ సంగతి. ఈ జన్యువు మీ భర్తకు కొత్తగా వచ్చింది కాదు. మీలో ఉంది, నాలో ఉంది, ఆ కావలి వారింట్లో ప్రతి ఒక్కరిలోనూ ఉంది. కణంలో జన్యువులను మోసే పోగులను క్రోమోజోములంటారు. వాటిలో 9వ దాని పొడవైన కొస చివరి భాగంలో ఏబీఎల్ చోటు. ఎలుకల్లో ల్యుకేమియా కలిగించే ఒక వైరస్‌ను 1970లో హెర్బర్ట్ ఏబెల్సన్ అనే శాస్త్రవేత్త వర్ణించారు. ఆ వైరస్ మోసుకు తిరుగుతున్న జన్యువు ఎలుకల సొంత జన్యువుకు నకలని తర్వాత తేలింది. అలా ఆయన పేరులోని అక్షరాలే ఏబీఎల్ అయ్యాయి. పేరు జబ్బు వల్ల వచ్చింది కాబట్టి జన్యువు కూడా చెడ్డదే అనుకోకండి. ప్రయోగశాలలో ఈ జన్యువును తీసేసి ఎలుక పిల్లలను పుట్టిస్తే, అవి గిడసబారి, చాలావరకు పుట్టిన కొద్ది కాలానికే చనిపోయాయి. అది లేకపోతే బతకడమే కష్టం.

ఆ జన్యువు చేయించే ప్రొటీన్ ఒక కైనేజ్. మన ఒంట్లో ఐదు వందలకు పైగా కైనేజ్‌లున్నాయి. అన్నిటి పనీ స్థూలంగా ఒకటే. కణంలో శక్తిని నిల్వ ఉంచే ఏటీపీ అనే పదార్థం నుంచి ఒక ఫాస్ఫేట్‌ను తెంపి, మరో ప్రొటీన్‌కు తగిలిస్తాయి. ఫాస్ఫేట్ తగలగానే ఆ ప్రొటీన్ ఆకారం మారి, పడుకున్నది లేచి పనిలో దిగుతుంది, లేదా పనిచేస్తున్నది ఆగుతుంది. తగిలించిన ఫాస్ఫేట్‌ను తీసేయడానికి ఫాస్ఫటేజ్‌లు అనే వేరే ప్రొటీన్లున్నాయి. కణం లోపలి కబుర్లన్నీ చాలావరకు ఈ తగిలించడం, తీసేయడం మీదే నడుస్తాయి.

ఇక్కడ ఒక తెలుగువాడిని తలుచుకోకుండా ముందుకు పోలేను. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసులో వైద్యం చదివి, అమెరికాలోని హార్వర్డ్‌కు వెళ్లారు. సైరస్ ఫిస్కే అనే ఆచార్యుడితో కలిసి, ద్రవాల్లో ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగును బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ కొలత చేతికి రావడంతోనే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది, 1929లో ఏటీపీ దొరికింది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని విడిగా కనుగొన్నారు. కైనేజ్ తెంపుకునే ఫాస్ఫేట్ ఆ ఏటీపీలోనిదే. తర్వాతి కాలంలో సుబ్బారావు గారు లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. అక్కడ తయారైన అమినోప్టెరిన్‌తోనే సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో ల్యుకేమియా పిల్లలకు తొలిసారి తాత్కాలికంగానైనా ఊరట కలిగించగలిగారు. 1948లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. సుబ్బారావు గారు ఆ ఏడాదే కన్నుమూశారు. మీ భర్త జబ్బు, మందు వెనుక ఇంత కథ ఉందని మీ అబ్బాయికి చెప్పండి. ఇంటర్‌లో చదువుతున్నది బైపీసీ అయితే పుస్తకంలో ఏటీపీ అన్న మాట కనిపించినప్పుడల్లా ఆయన గుర్తుకు రావాలి.

ఇప్పుడు మీ తోటకే వద్దాం. బోరు మోటారుకు స్టార్టర్ డబ్బా ఉంటుంది కదా. పచ్చ బటన్ నొక్కితే మోటారు తిరుగుతుంది, ఎర్ర బటన్ నొక్కితే ఆగుతుంది. ఏబీఎల్ కైనేజ్‌ను ఆ మోటారు అనుకోండి. ఏటీపీ కరెంటు. కణం బయటి నుంచి కబురు అందినప్పుడు అది కాసేపు తిరుగుతుంది. కణానికి ఆకారమిచ్చే యాక్టిన్ పోగులను సవరించి, కణం జరగడానికి, పక్కదానిని పట్టుకోవడానికి సాయపడుతుంది. కేంద్రకంలో డీఎన్ఏ దెబ్బతింటే ఏటీఎం అనే మరో కైనేజ్ దీన్ని మేల్కొలుపుతుంది. అప్పుడు మరమ్మతులోనూ, బాగుపడే వీలులేని కణాన్ని చనిపోనివ్వడంలోనూ దీనికి పాత్ర ఉంది. పని అయ్యాక మళ్లీ ఆగిపోతుంది. ఆగడం కోసం దీనిలోనే ఒక ఏర్పాటుంది. ప్రొటీన్ గొలుసు మొదట్లో మిరిస్టేట్ అనే చిన్న కొవ్వు తోక ఉంటుంది. అది వంగివచ్చి కైనేజ్ వెనుక ఉన్న గుంటలో దూరి, గొళ్లెంలా మొత్తాన్ని బిగించి పట్టుకుంటుంది. గొళ్లెం పడి ఉన్నంతసేపూ మోటారు మెదలదు.

ప్రమాదం జరిగింది ఈ గొళ్లెం దగ్గరే. మీ భర్త మజ్జలో ఒక మూలకణం రెండుగా చీలే సమయం చుట్టుపక్కల 9వ క్రోమోజోము, 22వ క్రోమోజోము రెండూ తెగాయి. కణం వాటిని అతికించింది గానీ తప్పుగా అతికించింది. రెండు పూలదండలు ఒకేసారి తెగితే, చీకట్లో ఒకదాని కొసను మరోదానికి ముడివేసినట్టు. 9వ దాని నుంచి ఏబీఎల్ వెళ్లి 22వ దానిలోని బీసీఆర్ అనే జన్యువు పక్కన చేరింది. వెళ్లేటప్పుడు తన మొదటి ముక్కను, అంటే గొళ్లెం ఉన్న ముక్కను, వెనకే వదిలేసింది. దాని బదులు బీసీఆర్ ముక్క వచ్చి తలకు అతుక్కుంది. ఈ బీసీఆర్ ముక్కకు మరో గుణం ఉంది. అది తనలాంటి ప్రొటీన్లను దగ్గరకు లాగి జట్టు కడుతుంది. అలా పక్కపక్కన చేరిన కైనేజ్‌లు ఒకదాని పచ్చ బటన్ మరొకటి నొక్కుకుంటాయి. గొళ్లెం పోయింది, పైగా ఆటో స్టార్టర్ బిగించినట్టయింది. తోటలో ఎవరూ లేకపోయినా, నీరు అక్కరలేకపోయినా, కరెంటు ఉన్నంతసేపూ మోటారు తిరుగుతూనే ఉంటుంది. ‘పెరుగు, చీలు, చావకు’ అన్న సంకేతం ఆగకుండా పోతుంది. ఆ కణానికి రెండు, రెండుకు నాలుగు. మజ్జ నిండి, రక్తంలోకి పొంగి, ప్లీహంలో పేరుకుంటాయి. మీ భర్త ఎడమ డొక్కలోని బరువు అదే. పాతకాలం వాళ్లు ‘బల్ల పెరిగింది’ అనేవారు.

నేను పాథాలజిస్టును. ముప్పై అయిదేళ్లు నెల్లూరులో స్లైడ్లు చూశాను. ఈ జబ్బున్న రక్తాన్ని సూక్ష్మదర్శిని కింద పెడితే చూపు తిప్పుకోలేం. మామూలుగా రక్తంలో ఎదిగిన తెల్ల కణాలే తిరుగుతాయి, పిల్ల కణాలు మజ్జ దాటి రావు. ఇందులో బడి గేటు విరిగి ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా పిల్లలంతా ఒక్కసారిగా రోడ్డు మీద పడ్డట్టు అన్ని వయసుల కణాలూ కనిపిస్తాయి. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో అలాంటి స్లైడు ఒకటి మార్కాపురం వైపు పలకల గనిలో పనిచేసే యువకుడిది. బుసల్ఫాన్ ఇచ్చేవారు, తర్వాత హైడ్రాక్సీయూరియా ఇచ్చేవారు. కణాల లెక్క తగ్గేది, ముఖంలో కళ వచ్చేది, పనికి పోయేవాడు. జబ్బు మాత్రం తన దారిన తాను నడిచేది. మూడేళ్లు దాటాక ఒక ఉదయం అతని స్లైడు నిండా బ్లాస్టులు, అంటే అసలు ఎదగని కణాలు, కనిపించాయి. దాన్ని బ్లాస్ట్ దశ అంటారు. ఆ తర్వాత అతను ఎక్కువ రోజులు లేడు. ఆ రిపోర్టు మీద సంతకం చేసిన చేయి నాదే. కణాల లెక్క బాగుంది అన్న మాట విన్నప్పుడు నేను తృప్తిపడలేకపోవడానికి అతనే కారణం.

ఆ యువకుడికీ మీ భర్తకూ మధ్య తేడా ఒక్క మాత్ర. దాని వెనుక నలభై ఏళ్ల శ్రమ ఉంది. 1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ ఈ రోగుల కణాల్లో ఒక క్రోమోజోము మరీ పొట్టిగా ఉండటం చూశారు. మీ కాగితాల్లో ఎక్కడైనా ‘ఫిలడెల్ఫియా క్రోమోజోము’ అని ఉంటే అది ఆ ఊరి పేరే. పోయిన ముక్క ఎక్కడికి పోయిందో 1973 దాకా తెలియలేదు. షికాగోలో జానెట్ రౌలీ అనే వైద్యురాలు, నలుగురు కొడుకుల తల్లి, క్రోమోజోముల ఫొటోలను ఇంట్లో భోజనాల బల్ల మీద కత్తెరతో కత్తిరించుకుని జతపరుస్తూ, 22వది కోల్పోయిన ముక్క 9వ దాని చివర అతికి ఉందని కనిపెట్టారు. తెగిన చోట ఉన్నది ఏబీఎల్ అని 1980లలో తేలింది. అది కైనేజ్ కాబట్టి, కైనేజ్‌ను ఆపితే చాలునన్న ఆలోచనతో నికొలస్ లైడన్ బృందం తయారుచేసిన మందును బ్రయన్ డ్రుకర్ 1998లో రోగులకు ఇవ్వడం మొదలుపెట్టారు. రోజుకు 300 మిల్లీగ్రాములు, అంతకు మించి తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తం లెక్క మామూలుకు వచ్చింది. అంతకుముందు వేసుకున్న మందు పనిచేయక మిగిలినవాళ్లు వాళ్లు. 2001 మే నెలలో అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. తొలి పెద్ద అధ్యయనంలో ఈ మాత్రతో వైద్యం మొదలుపెట్టిన వారిలో పదేళ్ల తర్వాత 83 శాతం మంది బతికే ఉన్నారు. నా కాలంలో మూడు నుంచి అయిదేళ్లు అని లెక్కపెట్టుకునే జబ్బు ఇది.

మాత్ర మన చేతికి అందడం వెనుక కూడా ఒక పోరాటం ఉంది. నోవార్టిస్ కంపెనీ ఈ మందు స్ఫటిక రూపానికి మన దేశంలో పేటెంటు కోరింది. పాత పదార్థానికే కొత్త రూపం ఇచ్చి, వైద్యపరంగా దాని గుణం మెరుగైందని చూపకపోతే పేటెంటు చెల్లదంటుంది మన చట్టంలోని 3(డి) సెక్షన్. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు దాని ఆధారంగానే ఆ కోరికను తోసిపుచ్చింది. ఆ కంపెనీ మందుకు నెలకు లక్ష రూపాయలు దాటుతున్న రోజుల్లో మన కంపెనీలు అదే మందును అందులో పదో వంతు కంటే తక్కువకు ఇస్తూ వచ్చాయి. ఆ పేటెంటును వ్యతిరేకించిన వాటిలో హైదరాబాద్‌కు చెందిన నాట్కో కూడా ఉంది. నిమ్మకాయ ధర పడిపోయిన నెలలో మీరు మాత్ర కొనడానికి ఇబ్బంది పడితే, ఆ మాట డాక్టరు దగ్గర దాచకండి. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి ప్రభుత్వ పథకం కింద వస్తుందేమో కనుక్కోండి. డబ్బు కోసం మాత్ర సగం చేసి మింగడం మాత్రం వద్దు.

ఇక నన్ను భయపెట్టిన విషయం.

ఇమాటినిబ్ చేసే పని ఏమిటంటే, కైనేజ్‌లో ఏటీపీ కూర్చోవలసిన గుంటలో తాను దూరి కూర్చుంటుంది. స్టార్టర్‌లో ఫ్యూజు క్యారియర్ ఊడదీసినట్టు. మోటారు అక్కడే ఉంది, ఆటో స్టార్టర్ అక్కడే ఉంది, కరెంటు లోపలికి రాదు అంతే. మాత్ర ఆ పాడైన జన్యువును బాగుచేయదు. రక్తంలో మందు పరిమాణం దాదాపు 18 గంటలకు సగమవుతుంది, మరో 18 గంటలకు అందులో సగం. అందుకే రోజూ వేసుకోవాలి. ఒక రోజు మానితే ఆ రాత్రికి కొంత కరెంటు లోపలికి వచ్చినట్టే. మోటారు తిరుగుతుంది. బయటికి ఏమీ తెలియదు.

రక్తం లెక్క మామూలుగా ఉందని మీ భర్త అంటున్నారు. ఆ లెక్క చాలా మొరటు కొలత. మజ్జలో కోట్ల కోట్ల చెడ్డ కణాలు మిగిలి ఉన్నా లెక్క మామూలుగానే కనిపించవచ్చు. అందుకే పీసీఆర్. అది బీసీఆర్-ఏబీఎల్ సందేశాన్ని వెతికి, ఎంత శాతం మిగిలిందో అంతర్జాతీయ కొలతలో చెబుతుంది. వైద్యం మొదలుపెట్టిన మూడు నెలలకు 10 శాతానికి, ఆరు నెలలకు 1 శాతానికి, ఏడాదికి 0.1 శాతానికి దిగాలి. మీ కాగితంలో పద్నాలుగో నెలకు 0.9 ఉంది. చిన్న అంకెలా కనిపించి మీరు ‘మంచిదేనా’ అని అడిగారు. కాదమ్మా. అది ఉండవలసిన దానికి తొమ్మిది రెట్లు. మందు పూర్తిగా విఫలమైందని దీని అర్థం కాదు. కానీ వైద్యులు దీన్ని హెచ్చరికగా చూస్తారు. ఇలాంటి అంకె వచ్చినప్పుడు డాక్టరు అడిగే మొదటి ప్రశ్న ‘మాత్రలు మానుతున్నారా’ అన్నదే. మీ భర్త ‘లేదు’ అని చెప్పి ఉంటారని నా అనుమానం. అలా చెబితే డాక్టరు మందే పనిచేయడం లేదనుకుని, అవసరం లేకుండానే ఖరీదైన వేరే మందుకు మార్చవచ్చు.

లండన్‌లో 87 మంది రోగుల మాత్రల సీసాల మూతల్లో చిన్న చిప్ అమర్చి, మూత తీసిన ప్రతిసారీ నమోదయ్యేలా చేసి మూడు నెలలు చూశారు. ఆ అధ్యయనం 2010లో వచ్చింది. నూటికి తొంభైకి మించి మాత్రలు వేసుకున్నవారు ఆరేళ్లకు ఆ 0.1 శాతం మెట్టును చేరుకునే అవకాశం 94 శాతానికి పైనే. తొంభై, అంతకంటే తక్కువ వేసుకున్నవారికి 28 శాతం. తొంభై అంటే ఎంత? నెలకు మూడు మాత్రలు మానడం. అంతే. వారానికి రెండు మూడు రోజులు కోత ఉంటే, ఆ రోజుల్లో మీ భర్త మానుతున్నది నెలకు మూడు కంటే చాలా ఎక్కువే అయి ఉంటుంది.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. మిగిలిన చెడ్డ కణాలు చీలిన ప్రతిసారీ ఆ జన్యువులో మరో తప్పు దొర్లే అవకాశం ఉంటుంది. ఒక్కోసారి మందు కూర్చునే గుంట ఆకారమే మారిపోతుంది. టీ315ఐ అనే మార్పు వస్తే ఇమాటినిబ్ అసలు పట్టదు, తర్వాత వచ్చిన డాసాటినిబ్, నిలోటినిబ్ కూడా పట్టవు. దానికి వేరే మందులున్నాయి. పొనాటినిబ్ ఒకటి. మరొకటి నాకు చాలా ముచ్చటగా అనిపిస్తుంది, పేరు అసిమినిబ్, 2021లో అమెరికాలో అనుమతి పొందింది. అది ఏటీపీ గుంట జోలికే పోదు. పోయిన గొళ్లెం దూరవలసిన ఆ వెనుక గుంటలో దూరి, గొళ్లెం పనిని తానే చేస్తుంది. ప్రకృతి పెట్టిన ఏర్పాటును చదివి, దాన్నే మందుగా మలిచారు. కానీ రోజూ దొరికే మామూలు మాత్ర చేతిలో ఉండగా మీ భర్త అక్కడిదాకా పోవలసిన అవసరం ఎందుకు రావాలి?

కళ్లవాపు నిజమే, ఆయన సాకు చెప్పడం లేదు. ఇమాటినిబ్ ఒక్క ఏబీఎల్‌నే కాక, దానిలాంటి గుంట ఉన్న కిట్, పీడీజీఎఫ్ఆర్ అనే మరో రెండు కైనేజ్‌లను కూడా పట్టుకుంటుంది. తెల్లవారేసరికి కళ్ల చుట్టూ వాపు, రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం, వికారం చాలామందికి ఉంటాయి. చర్మానికి రంగునిచ్చే కణాలకు కిట్ అవసరం కాబట్టి కొందరికి ఒళ్లు తెల్లబడుతుంది. ‘రంగు తేలాడు, రక్తం పట్టలేదు’ అని ఊళ్లో ఎవరైనా అంటే పట్టించుకోకండి. మాత్రను ఖాళీ కడుపున కాకుండా, రోజులో పెద్ద భోజనంతో, నిండు గ్లాసు నీళ్లతో వేసుకోవాలి. కోత రోజుల్లో ఉదయం కుదరదంటే, ఏ రోజూ తప్పని రాత్రి భోజనానికి మార్చుకోవచ్చేమో డాక్టరును అడగండి. ఉప్పు తగ్గిస్తే వాపు కొంత తగ్గవచ్చు. బరువు ఉన్నట్టుండి పెరిగినా, ఆయాసం వచ్చినా ఆగకుండా చూపించాలి. మీ నిమ్మకాయల సంగతి డాక్టరును ఒకసారి అడగండి. పంపరపనస, గ్రేప్‌ఫ్రూట్ మాత్రం వద్దు, అవి ఒంట్లో ఈ మందు విరగకుండా అడ్డుపడతాయి. నాటు మందులు, పసరు మందులు, చివరికి జ్వరం మాత్రయినా డాక్టరుకు చెప్పకుండా వద్దు.

‘జీవితాంతం మింగాలా’ అని ఆయన అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మాత్ర మానగలిగినవాళ్లు ఉన్నారు. కనీసం మూడేళ్లు వైద్యం జరిగి, పీసీఆర్‌లో 0.01 శాతం లోపు, అది కూడా రెండేళ్లకు పైగా నిలకడగా ఉన్నవారికి, డాక్టరు కళ్ల ముందు, మొదట్లో నెలనెలా పీసీఆర్ చేస్తూ మానిపిస్తారు. అలా మానిన వారిలో దాదాపు సగం మందికి జబ్బు తిరిగి కనిపిస్తుంది, ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే. వెంటనే మాత్ర మొదలుపెడితే దాదాపు అందరిలోనూ మళ్లీ అదుపులోకి వస్తుంది. మిగతా సగం మందు లేకుండానే ఉంటారు. ఆ రోజు కోసమైనా ఇప్పుడు ఒక్క మాత్ర కూడా మానకూడదు. 0.9 దగ్గర మానడం, 0.01 దగ్గర మానడం రెండూ ఒకటి కాదు.

పిల్లల పరీక్ష గురించి మరోమాట. ‘ఎందుకైనా మంచిది, చేయించేద్దాం’ అని ఎవరైనా అన్నా ఒప్పుకోకండి. చాలా సున్నితంగా వెతికితే, పూర్తి ఆరోగ్యంగా ఉన్న కొందరు పెద్దల రక్తంలోనూ బీసీఆర్-ఏబీఎల్ జాడ అత్యంత స్వల్పంగా దొరికిందని పరిశోధకులు చూపారు. వారికి జబ్బు లేదు. అలాంటి జాడ ఒకటి మీ అమ్మాయి కాగితంలో కనబడితే, అర్థం లేని ఒక అంకె ఆమె జీవితాన్ని వెంటాడుతుంది.

కావలి వారికి నిజం దాచకండి, బతిమాలనూ వద్దు. ‘మా ఆయనకు రక్తంలో ఒక జబ్బు వచ్చింది, పుట్టుకతో వచ్చింది కాదు, పిల్లలకు రాదు, రోజూ మాత్రతో అదుపులో ఉంచుకుంటున్నాం’ అని చెప్పండి. నమ్మకపోతే మీ రక్తరోగ నిపుణుడి దగ్గరికి వాళ్లనే వచ్చి అడగమనండి. అంత చెప్పాక కూడా వెనక్కి పోతే, ఆ ఇంట్లో మీ అమ్మాయికి రేపు జ్వరం వచ్చినా ఇలాగే చూస్తారని నేను అనుకుంటాను. మంచి పిల్లకు సంబంధాలు కరువు కావు.

వచ్చే వారమే భర్తను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఎన్ని మాత్రలు మానారో మీరే లెక్క చెప్పండి. పీసీఆర్ మళ్లీ ఎప్పుడో, అప్పటికీ దిగకపోతే ఆ జన్యువులో కొత్త మార్పు వచ్చిందేమో చూసే మ్యుటేషన్ పరీక్ష చేయాలా అని అడగండి. మీ అత్తగారితో వాదించకండి. కొడుకు మీద ప్రాణం పెట్టుకున్న మనిషి, భయంతో నోరు జారి ఉంటారు. గోడ మీది క్యాలెండరు ఆమె చేతికివ్వండి. రాత్రి భోజనంలో ఆయన మాత్ర వేసుకున్నాకే ఆ తేదీ మీద గీత పెట్టే పని ఆమెది. మూడు నెలల తర్వాత వచ్చే పీసీఆర్ కాగితంలోని అంకె నాకు రాసి పంపండి. ఎదురుచూస్తుంటాను.